గొల్లపల్లి కుక్క, సిరిసిల్ల దురద

మా పెళ్లి సారెలో బీరువా, మంచం, ఇత్తడి బిందెలు, ఒక కుక్క వచ్చాయి. బీరువా, మంచం, బిందెల గురించి మా అత్తగారింట్లో ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. లొల్లంతా ఆ నాలుగోదాని గురించే.

కుక్కను సారెలో పెట్టడం మా ఆనవాయితీ ఏమీ కాదు. అన్నలు, అంటే నక్సలైట్లు, ఊళ్లలోకి వచ్చిపోతుండే కాలం అది. గొల్లపల్లి దగ్గర మా ఊళ్లోకి కొత్త మనిషి అడుగుపెడితే చాలు, కుక్కలన్నీ ఒక్కటై మొరిగేవి. ఆ మొరుగుడుతో వచ్చినవాళ్ల జాడ పోలీసులకు తెలిసిపోతోందట. ఊళ్లో కుక్కలు ఉండొద్దని కబురు వచ్చింది. కబురు ఎవరు తెచ్చారని అడిగేవాళ్లు ఎవరూ లేరు. మా పక్క ఊళ్లో చూస్తుండగానే కుక్కన్నది లేకుండా పోయింది. మా బాపు నా పెళ్లి కాగానే మా ఇంటి కుక్కను తెచ్చి సామాను బండిలో మంచంకోళ్ల మధ్య కూర్చోబెట్టాడు.

"బిడ్డా, దీన్ని గూడ తీస్కపో. ఆడ సాంచల లొల్లిల ఇదెంత మొరిగినా ఎవలకు ఇనపడది" అన్నాడు.

జగిత్యాల దాటాక పోలీసులు బండి ఆపారు. ఒకాయన లోపలికి తొంగిచూసి, "గిదేంది?" అన్నాడు. "సారె సార్" అన్నాడు డ్రైవర్. "కుక్క గూడ సారెనేనా?" "ఆఁ సార్. పిల్లకు దాని మీద పానం." పోలీసాయన నా వైపు తిరిగి, "మీ అత్తను కరవకుంట జూస్కో బిడ్డా" అని నవ్వి పంపించాడు. ఆ రోజుల్లో పోలీసులు నవ్వి పంపించారంటే మంచి శకునమే అనుకున్నాను.

మా అత్త ఆ శకునం చూడలేదు కాబట్టి, వాకిట్లోనే నడుం మీద చేతులు పెట్టుకుని, "సారెల ఇది గూడ మాట్లాడుకున్నమా?" అని మా మామను అడిగింది. మా మామకు సాంచల పక్కన నిలబడీ నిలబడీ చెవులు సగం పోయాయి. "ఆఁ, బీరువా మంచిగనే ఉన్నది" అన్నాడు. ఆ విధంగా కుక్క ఇంట్లోకి వచ్చింది.

సాంచలంటే మాకు పవర్‌లూమ్‌లు. ఇంటి ముందు పెద్ద గదిలో నాలుగు సాంచలు, వెనక వంటిల్లు, దాని పక్కన పడుకునే గది. సాంచలకూ మనుషులకూ మధ్య ఒక గుమ్మమే తప్ప తలుపు లేదు. కరెంటున్నంతసేపు ఇల్లంతా టకటకమని ఊగేది. అన్నం తింటుంటే కంచంలో చారు వణికేది. కొత్తలో నాకు తల పగిలిపోయేది. కుక్కకు మాత్రం ఆ చప్పుడు జోలపాటే అయింది. మూడో సాంచ కింద సిమెంటు చల్లగా ఉంటుందని కనిపెట్టి, అక్కడే కాళ్లు చాపి పడుకునేది. బాపు చెప్పినట్టే దాని మొరుగుడు ఎవరికీ వినపడలేదు. మొరిగి లాభం లేదని తెలిశాక అది మొరగడమే మానేసింది.

దానికి నేను పెట్టిన పేరు ఒకటి ఉండేది. మా అత్త ఆ పేరుతో ఒక్కసారీ పిలవలేదు. "గొల్లపెల్లిదానా" అనేది. నన్నూ అలాగే పిలిచేది. ఆమె గొంతు వినపడితే ఇద్దరం తలెత్తేవాళ్లం.

వానాకాలం మొదలయ్యేసరికి కుక్క గోక్కోవడం మొదలుపెట్టింది. ముందు చెవుల వెనక, తర్వాత చంకల్లో, ఆ తర్వాత పొట్ట కింద. కాళ్లు నాకీ నాకీ వేళ్ల సందులు ఎర్రగా చేసుకుంది. వెంట్రుకలు ఊడి, తోక మొదట్లో అరచెయ్యంత బోడి అయ్యింది. వాకిట్లోకి వచ్చినవాళ్లంతా "గజ్జి కుక్కా?" అని అడిగి, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని దూరం జరిగేవాళ్లు.

మా అత్తకు ఇంతకన్నా ఏం కావాలి? అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు అంటారు గానీ, మా ఇంట్లో కోడలి మీది కోపం చూపించడానికి దుత్త అవసరం లేకపోయింది. "గొల్లపెల్లోళ్లు మాకు రోగాన్ని సారె వెట్టి పంపిండ్రు" అని వీధి చివరిదాకా వినపడేలా అనేది. మా పుట్టింటి శుభ్రం మీద మాట పడేసరికి నాకు ఒళ్లు మండింది. మా పుట్టింట్లో ఉన్నన్నాళ్లు దానికి ఒక్క మచ్చ లేదు. ఆ మాటే చెప్తే, "అయితే ఈడికొచ్చినంక నేను అంటిచ్చిన్నా?" అంది. చివరికి ఒక రోజు కండెలు చుడుతూ చుడుతూ ఆపి, రాట్నం మీద చెయ్యి పెట్టి ఒట్టేసినట్టు చెప్పింది.

"దసరా దాక జూస్త. గప్పటికి మానకుంటే యాడికెల్లి అచ్చిందో ఆడికే పోతది."

అక్కడికి పోతే ఏమవుతుందో నాకు తెలుసు. ఆమెకు తెలియదు. చెప్దామంటే ఆ రోజుల్లో అన్నల మాట గట్టిగా ఎత్తేవాళ్లం కాదు, ఆ సాంచల చప్పుడులో మెల్లగా చెప్తే వినపడేది కాదు.

కాబట్టి వైద్యం మొదలుపెట్టాను. వేపాకులు మరగబెట్టి చల్లార్చిన నీళ్లు పోశాను. మా బాపు జగిత్యాల నుంచి బస్సు కండక్టర్ చేతికిచ్చి వేపనూనె సీసా పంపాడు. అది రాస్తే ఇల్లంతా చేదు వాసన. కుక్క వాసన భరించింది గానీ మా ఆయన భరించలేక రెండు రోజులు వాకిట్లో పడుకున్నాడు. పక్కింటి ముసలాయన గ్యాస్ నూనె, అంటే కిరసనాయిలు, రాయమన్నాడు. అది రాస్తే రోగంతో పాటు తోలు కూడా పోతుందని మా ఆయన అడ్డుపడ్డాడు. పెళ్లయ్యాక ఆయన నా పక్షం వహించడం అదే మొదలు. అందుకే నాకు బాగా గుర్తు.

పశువుల దవాఖానకు తీసుకుపోతే అక్కడి సారు ముందు నవ్వాడు. బర్లు, మేకలు తప్ప ఆ గుమ్మం ఎక్కినవి తక్కువ. కానీ చెవులు మడిచి చూశాడు, దువ్వెనతో వెంట్రుకలు పాయలు తీశాడు, తోలును కొంచెం గీకి భూతద్దం కింద పెట్టి చూశాడు.

"గజ్జి గాదమ్మా. గోమార్లు, పేన్లు గూడ లేవు. దీనికి ఏదో పడ్తలేదు" అన్నాడు. "సూది ఇస్త, తగ్గుతది. మందు దిగినంక మల్ల అస్తది. పడంది ఏందో ఇంట్లోల్లే దొరకవట్టాలె. ఒక్కొక్కటి మానిపిచ్చి చూడుండ్రి. అన్ని ఒక్కసారే మానిపిస్తే దొంగ ఎవడో తెలువది."

సూదితో పది రోజులు హాయిగా ఉంది. తర్వాత ఆయన చెప్పినట్టే మళ్లీ మొదలు. ఇక ఇంట్లో దొంగను వెతికే పని పడింది. పాలని మా మామ అనుమానం. పాలు ఆపాం. తగ్గలేదు. గుడ్డు అన్నాడు మా ఆయన. గుడ్డు ఆపాం. ఆదివారం మటన్ బొక్కలు ఆపాం. ఉప్పు లేని జొన్న గట్క ఒక్కటే పెడుతుంటే కుక్క నా ముఖం వైపు చూసే చూపుకు నాకే ముద్ద దిగేది కాదు. ఇంత నిష్ఠగా నేను చేస్తుంటే, మా మామ జాలిపడి తన కంచంలో బొక్క ప్రతి ఆదివారం సాంచ కిందికి జారవిడుస్తున్నాడని తర్వాత తెలిసింది. ఆయన గుట్టుగా చేసిన పని ఆయనే బయటపెట్టుకున్నాడు. "నేను వారం వారం బొక్క ఏస్తనే ఉన్న, మరి బొక్కతోని ఏం కాలే గదా!" అని ఇంట్లో అందరికీ వినపడేలా నా తరఫున వాదించాడు.

ఆ తర్వాత చేసిన పని మా నేతోళ్లు తప్ప లోకంలో ఎవరూ చేయరు. గోళ్లతో గీరుకోకుండా కుక్కకు అంగీ తొడుగుదామన్నాడు మా ఆయన. మంచి ఆలోచనే. అప్పుడే సాంచ మీద నుంచి కోసిన కొత్త బట్ట ఇంట్లో మడతలు మడతలుగా ఉంది. మా దృష్టిలో దానికన్నా శుభ్రమైనది ఇంకోటి లేదు. ఎవరూ కట్టనిది, ఎవరూ ముట్టనిది. వీధి చివరి దర్జీ చాచా దగ్గరికి కుక్కను తీసుకుపోయాం. ఆయన టేపు తీసి ఛాతీ, నడుము, మెడ కొలిచి, ఎంతో మర్యాదగా, "కాలర్ పెట్టాల్నా బేటీ, వద్దా?" అని అడిగాడు. కాలర్ వద్దని, గుండీలు వీపు మీద పెట్టమని చెప్పాను.

అంగీ తొడుక్కుని కుక్క వీధిలో నడిచొస్తుంటే కండెలు చుట్టే ఆడవాళ్లంతా రాట్నాలు వదిలేసి వచ్చారు. "అగో, సిరిసిల్ల అల్లుడు!" అని ఒకావిడ అంది. అది ఆడకుక్క అని చెప్పినా ఎవరూ వినలేదు. మా అత్త కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు దాచుకోవడానికే అని నేను ఇప్పటికీ ఒట్టేసి చెప్తాను.

ఆ అంగీతో దురద రెట్టింపైంది. వీపు మీద అప్పటిదాకా బాగున్న చోట కూడా దద్దుర్లు లేచాయి. అది గోడలకు రుద్దుకుని, దొర్లి, చివరికి గుండీలతో సహా అంగీని పీలికలు చేసి పారేసింది. మాకు అప్పుడైనా అర్థం కావాల్సింది. కాలేదు. కొత్త బట్ట తప్పు చేస్తుందని నేతింట్లో ఎవరికి తడుతుంది?

దసరా దగ్గరపడుతుండగా బంద్ వచ్చింది. ఆ కాలంలో బంద్‌లు మాకు కొత్త కాదు గానీ, ఈసారి బంద్ మీద బంద్ పడింది. బస్సులు లేవు, లారీలు లేవు. నూలు రాక సాంచలు ఆగిపోయాయి. మా వీధే కాదు, సిరిసిల్ల మొత్తం టకటక లేకుండా పడుకుంది. చప్పుడు ఆగేసరికి మా మామకు నిద్ర పట్టేది కాదు. మా ఆయన ఊరికే కూర్చోలేక సాంచలన్నీ తుడిచి, కింద నీళ్లు కొట్టి కడిగాడు. ఒక మధ్యాహ్నం వాకిట్లో ఎవరో నడిచిపోతుంటే కుక్క మొరిగింది. మా అత్త వంటింట్లోంచి వచ్చి, "గిది మొరుగుతదా?" అని ఆశ్చర్యపోయింది.

ఆ రోజుల్లోనే నేను గమనించాను. కుక్క గోక్కోవడం లేదు. కాలి వేళ్లు నాకడం లేదు. బోడి అయిన చోట నూగులా వెంట్రుకలు వస్తున్నాయి. వేపనూనె పని చేసిందనుకుని మా బాపును మనసులో మెచ్చుకున్నాను. నూలు లారీలు వచ్చి, సాంచలు మళ్లీ మొదలైన రెండో రోజే కుక్క కాలెత్తి చెవి వెనక గోకింది. అప్పుడు నేను మోకాళ్ల మీద వంగి మూడో సాంచ కింద చెయ్యి పెట్టి చూశాను. అరచేతికి తెల్లటి పొడి అంటింది.

అది గంజిపొడి. దారం తెగకుండా పడుగుకు, అంటే నిలువు దారాలకు, గంజి పట్టించి ఆరబెడతారు. సాంచ నడుస్తుంటే ఆ ఎండిన గంజి రాలి కింద పడుతుంది. కుక్క రోజంతా దాంట్లోనే పడుకుంటోంది. మేం కుట్టించిన అంగీ కూడా ఉతకని కొత్త బట్టే. ఒంటి నిండా గంజి తొడిగాం దానికి!

నా ఆనందం చెప్పలేను. నడిచే సాంచల మధ్య నిలబడి గొంతు చించుకుని అరిచాను. "రోగం గొల్లపెల్లికెల్లి రాలే! మీ ఇంట్లకెల్లే వచ్చింది! మీ గంజే దానికి పడ్తలేదు!"

మా మామ సాంచలు ఆపేశాడు. దారం తెగితేనో మనిషి పోతేనో తప్ప ఆయన సాంచ ఆపడు. నేను చేతిలో పొడి చూపించాను. ఆయన చూశాడు, వేలితో రాసి చూశాడు, తలూపాడు.

"నువ్వన్నది నిజమే కోడలా. ఇగ ఏం జేద్దాం మరి? సాంచలు బందు వెట్టుకుందామా, కుక్కను పంపుదామా?"

వెటకారంగా అడగలేదు. నిజంగానే అడిగాడు. పుట్టింటి పరువు నిలబెట్టే తొందరలో కుక్కను నా చేతులతోనే గుమ్మం బయటికి నెట్టానని అప్పుడు తెలిసింది. వంటింట్లోకి పోయి పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. పొగకు అని చెప్పుకోవడానికి పొయ్యి కూడా వెలగడం లేదు.

కోరుట్లలో మా ఆడబిడ్డ ఉంది. ఆమె దగ్గరికి పంపుదామన్నాడు మా ఆయన. "ఆడ సాంచలు లేవు గదా" అన్నాడు. "సాంచలు లేవు, ఇంటి నిండ బీడీల తంబాకు ఉన్నది. గంజి పడందానికి తంబాకు పడుతదా?" అన్నాను. అలా అన్నాను గానీ నా దగ్గర వేరే దారి లేదు. సోమవారం బట్టల బండి కోరుట్ల వైపు పోతుంది, దాంట్లో పంపాలని అనుకున్నారు.

ఆదివారం పొద్దున మా అత్త సాంచల కింద ఊడుస్తోంది. మా ఇంట్లో ఆ పని ఆమెదే. నేను గుమ్మంలో కూర్చుని కుక్క తల ఒళ్లో పెట్టుకుని కొబ్బరినూనె రాస్తున్నాను. కుక్క వెనక కాలితో పక్కటెముకలు గోక్కుంటోంది. అటు చూస్తే మా అత్త చీపురు మొదలుతో మోచేతి మీద బరబరా గోక్కుంటోంది. కుక్క ఆగితే ఆమె మొదలు. ఆమె ఆగితే కుక్క మొదలు. నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆగిపోయింది.

మా అత్త ఎండాకాలంలో కూడా మణికట్టు దాకా చేతుల జాకెట్ వేసుకునేది. పద్ధతి గల మనిషి అనుకునేదాన్ని. లేచి పోయి ఆమె చెయ్యి పట్టుకుని జాకెట్ పైకి లాగాను. కోడలు అత్తను అలా పట్టుకోవడం ఎక్కడా లేదు. కానీ ఆమె గుంజుకోలేదు. మోచెయ్యి మడతలో తోలు మందంగా, నల్లగా, అక్కడక్కడ పచ్చిగా ఉంది. కుక్క చంకల్లో ఎలా ఉందో అలాగే.

"ఎప్పటిసంది అత్తా?"

"ఈ ఇంటికి కోడలుగా అచ్చినకాన్నుంచి. మగ్గాలున్నప్పుడు జర తక్కువ. సాంచలు అచ్చినంక ఎక్కువైంది."

"మరి బంద్ అప్పుడు?"

"మంచిగుండె." చీపురు వైపు చూసింది. "గదే యాది చేసుకుంటున్న."

"ఎన్నడు చెప్పలేదేంది?"

"ఎవలడిగిండ్రు?" అంది. కోపంగా కాదు, లెక్క అడిగితే చెప్పినట్టు. "గంజి పడదని సాలె ఇంట్ల ఎవలకన్న చెప్తరా పిల్లా? నవ్వరా?"

నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. ఆ ఇంట్లో కుక్క తోలును నలుగురం చూశాం. దవాఖాన సారు అద్దం పెట్టి చూశాడు, దర్జీ చాచా టేపు పెట్టి చూశాడు. అన్నేళ్లలో ఈమె చేతులు చూసినవాళ్లు లేరు. "నేను మామకు చెప్త" అన్నాను. "చెప్పినవంటే నీ కుక్కతో పాటు నిన్ను గూడ బండెక్కిస్త" అంది, జాకెట్ కిందికి లాక్కుంటూ.

ఆ మధ్యాహ్నం అన్నాల దగ్గర మా అత్త ఉన్నట్టుండి అంది. "కుక్కను యాడికి పంపేది లేదు. ఈ గుమ్మానికి తలుపు వెట్టియ్యి."

మా మామకు మొదటిసారి వినపడలేదు. రెండోసారి వినపడింది గానీ నమ్మలేదు. "తలుపా? కుక్కకా?"

"ఆఁ, కుక్కకే. పాపం నోరు లేని జీవి. ఎవలకని చెప్పుకుంటది?"

చెబుతూ నా వైపు ఒక చూపు చూసింది. నేను తలొంచుకుని చారన్నం కలుపుకున్నాను.

అటక మీద పాత మగ్గం విప్పిన కర్రలు ఉన్నాయి. మా మామ, మా ఆయన కలిసి వాటితోనే తలుపు చేశారు. కొంచెం వంకరగా వచ్చింది గానీ బిగుతుగా పడేది. తలుపు పడ్డాక మా అత్త రాజ్యం మొదలైంది. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డికన్నట్టు, ఏది కావాలన్నా ఆమెకు కుక్క ఉంది. లోపలికి వచ్చే ముందు అందరూ బట్టలు దులుపుకోవాలి, కాళ్లూ చేతులూ కడుక్కోవాలి. "డాక్టర్ చెప్పిండు." కండెలు చుట్టే రాట్నం లోపలి గదిలోకి వచ్చింది. కండెలకు చుట్టేది అడ్డంగా పోయే పేక నూలు, దానికి గంజి ఉండదు కాబట్టి. "కుక్కకు మనిషి తోడుండాల్నట. డాక్టర్ చెప్పిండు." సాంచల కింద ఊడ్చే పని మా ఆయన మీద పడింది, ముందు నీళ్లు చల్లి, పొడి లేవకుండా. "నేను ఊడ్సి అచ్చి ముట్టుకుంటే దానికి అంటుతది. డాక్టర్ చెప్పిండు." ఆ సారు జన్మలో అన్ని మాటలు చెప్పలేదు. నేను నోరు మెదపలేదు. కుక్కకూ అభ్యంతరం ఉన్నట్టు కనపడలేదు. లోపలి గదిలో ఉతికిన బొంత మీద పడుకుని, నెల తిరిగేసరికి వెంట్రుకలన్నీ తెచ్చుకుంది. సంక్రాంతికి మా బాపు చూసిపోవడానికి వస్తే, మా అత్త జాకెట్ చేతులు పైకి మడుచుకుని అరిసెలు వత్తుతోంది. "మీ కుక్క మంచిదే బావా" అని మాత్రం అంది.

కుక్క అలా చాలా ఏళ్లు బతికింది, ముసలిదై, లోపలి గదిలోనే పోయింది. ఇంట్లో అందరం ఏడ్చాం. మా అత్త అందరికన్నా ఎక్కువ ఏడ్చి, ఎవరైనా చూస్తే కళ్లలో నలక పడిందని చెప్పింది. వారం గడిచాక మా మామ సుత్తి, స్క్రూడ్రైవర్ పట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"కుక్క పాయె గదా. ఇగ తలుపు తీసేస్త. లోపటికి గాలి ఆడ్తలేదు."

మా అత్త రాట్నం ఆపింది. లేచి వచ్చి ఆయన ముందు నిలబడి, జాకెట్ చేతులు పైకి జరిపి, రెండు చేతులూ ముందుకు చాపింది. ఆయనకు అర్థం కాలేదు.

"ఏంది? మంచిగనే ఉన్నయి గదా" అన్నాడు.

"గా తలుపు వెట్టినంకనే మంచిగైనయి" అంది మా అత్త.

ఆయన సుత్తి కింద పెట్టాడు. ఆమె చెయ్యి పట్టుకుని కిటికీ వైపు, వెలుతురుకు తిప్పి, మోచేతి మడతను దగ్గరగా చూశాడు. తర్వాత రెండో చెయ్యి చూశాడు. నేనింకా అక్కడ నిలబడితే బాగుండదని లోపలికి వచ్చి తలుపు దగ్గరికి వేశాను.